రొయ్య తొక్క ఏ డిపార్ట్‌మెంటుది?

విశాఖపట్నంలోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రీసెర్చ్ డీన్లకు, విభాగాధిపతులకు నమస్కారాలు.

నేను ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊళ్లోనే రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేసినదాన్ని. మా ఇల్లు ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర. మా అమ్మ పాతికేళ్లుగా రొయ్యల షెడ్డులో వొలుపు పనికి వెళ్తోంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నా ఉత్తరం అర్థమవుతుంది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

కొన్నేళ్లుగా ఏ సెమినార్‌కి వెళ్లినా 'ఇంటర్‌డిసిప్లినరీ రీసెర్చ్' అన్న మాట వినబడుతోంది. 2020 జాతీయ విద్యా విధానంలోనూ దాని మీద చాలా రాశారు. భూమిని పాడు చేయని టెక్నాలజీ కావాలంటే అన్ని శాస్త్రాలూ కలిసి పనిచేయాలని పెద్దలు చెబుతుంటే నాకు నిజంగా సంతోషమే. కానీ దాని పేరుతో ఇంకో సెంటరు, ఇంకో బిల్డింగు, ఇంకో డైరెక్టరు వచ్చి, ల్యాబుల మధ్య గోడలు ఎక్కడివక్కడే ఉండిపోతాయేమో అన్న దిగులు కూడా ఉంది. ఆ గోడలు ఎలా ఉంటాయో నేను చూశాను. వాటి గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

మన రాష్ట్రం రొయ్యల సాగులో దేశంలో మొదటిది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో విశాఖ పోర్టుది దేశంలో ముందు వరస. కంటైనర్‌లోకి ఎక్కే రొయ్య గురించి అందరికీ తెలుసు. షెడ్డులో మిగిలిపోయే దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తల తీసి, తొక్క వొలిస్తే కిలోకి 400 గ్రాముల పైనే వ్యర్థం. విశాఖ ఎండకి అది కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలవుతుంది. కొంత దాణా తయారీకి పోతుంది, కొంత ఎక్కడో పారబోస్తారు. మా వీధిలో పెరిగిన ఎవరికైనా ఆ వాసన తెలుసు.

ఆ వ్యర్థంలో ఏముంది? ఎండబెట్టిన తొక్కలో ముఖ్యంగా మూడు: మాంసకృత్తులు, సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్, కైటిన్ అనే గట్టి పదార్థం. కైటిన్ నుంచి కైటోసాన్ వస్తుంది. గాయాల మీద వేసే పట్టీల్లో, మురికినీళ్లు తేర్చడంలో, పళ్లు తొందరగా పాడవకుండా పూసే పూతల్లో దీన్ని వాడతారు. పెట్రోలు నుంచి పుట్టిన పదార్థం కాదు, మట్టిలో కలిసిపోతుంది. చిక్కల్లా దాన్ని బయటికి తీసే పద్ధతిలో ఉంది. మామూలుగా సున్నాన్ని యాసిడ్‌తో కరిగిస్తారు, మాంసకృత్తుల్ని కాస్టిక్ సోడాతో తీసేస్తారు. ప్రతి దశ తరవాతా నీళ్లతో కడగాలి. కిలో కైటోసాన్‌కి టన్ను పైగా నీళ్లు పోతాయని లెక్కలున్నాయి. చెత్తను శుభ్రం చేయబోయి అంతకంటే ఘాటైన మురుగును తయారు చేసినట్టవుతుంది.

ఇంకో దారి ఉంది. పెరుగును తోడుపెట్టే జాతి బాక్టీరియాకి ఈ తొక్కల పిండినీ, కాస్త తీపినీ కలిపి ఇస్తే అది లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. ఎంజైములు మాంసకృత్తుల్ని విడగొడతాయి. కైటిన్ మిగులుతుంది. దాన్ని కైటోసాన్‌గా మార్చడానికి కాస్టిక్ తప్పదు, కానీ మొదటి రెండు దశల్లో పోసే యాసిడ్, సోడా చాలావరకు తగ్గుతాయి. తీపి కోసం నేను అనకాపల్లి మార్కెట్లో అమ్ముడుపోని నల్లబెల్లం వాడదామనుకున్నాను. ఒక ఊరి చెత్తకు ఇంకో ఊరి చెత్త మందవుతుందని గైడ్ గారికి చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. నా అదృష్టం, మంచి గైడ్ దొరికారు.

కానీ ఆయన కెమిస్ట్రీ మనిషి. బాక్టీరియా పెంచాలంటే మైక్రోబయాలజీ ల్యాబు కావాలి. మా బ్లాకు నుంచి అక్కడికి నడిచి వెళ్తే నాలుగు నిమిషాలు. వాళ్ల ఇంక్యుబేటర్ (బాక్టీరియాను వెచ్చగా పెంచే పెట్టె) వాడుకోవడానికి అనుమతి రావడానికి 23 రోజులు పట్టింది. మా గైడ్ సంతకం, మా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం, ఆఫీసులో ఇన్‌వార్డ్ నంబరు, అటు హెచ్‌ఓడీ సంతకం, అక్కడి ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం. ఇన్‌చార్జి మేడమ్ సెలవులో ఉంటే ఆమె వచ్చేదాకా ఆగడం. ఎవరూ నన్ను కసురుకోలేదు. పైగా అందరూ ఏదో ఒక సాయం చేద్దామనే చూశారు. కానీ ఒకరి వస్తువును ఇంకొకరు వాడితే, పాడైతే ఎవరు బాగు చేయించాలన్నది ఎక్కడా రాసి లేదు. అందుకే ప్రతి సంతకం వెనకా ఒక భయం. మే నెలలో అమ్మ షెడ్డు నుంచి థర్మాకోల్ పెట్టెలో ఐస్ వేసి, స్కూటీ మీద తొక్కలు తెచ్చేదాన్ని. ల్యాబుకి తాళం ఉంటే ఐస్ కరిగి నీళ్లు మెట్ల మీదికి కారేవి. ఫ్రీజర్ మరో విభాగంలో ఉంది, దానికి ఇంకో లెటరు. అలా ఎన్ని పెట్టెలు పారబోశానో! నేను చదివిన సంస్థ పేరు ఇక్కడ రాయను. ఈ ఉత్తరం చదివే పరిశోధక విద్యార్థుల్లో చాలామందికి ఇది తమ కథలాగే అనిపిస్తుందని నా నమ్మకం.

తరవాత జరిగిన సంగతి ఇంకా ముఖ్యం. మూడో ఏడు నా ప్రయోగం సగం సార్లు పనిచేసేది, సగం సార్లు చేసేది కాదు. అదే బెల్లం, అదే బాక్టీరియా, అదే వేడి. ఒక బ్యాచ్‌లో పీహెచ్ (ఇది ఎంత దిగితే అంత పులిసినట్టు) చక్కగా నాలుగున్నరకి దిగేది, ఇంకో బ్యాచ్‌లో ఏడు దగ్గరే మొండికేసి కూర్చునేది. నాలుగు నెలలు కారణం తెలియలేదు. రాత్రుళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఒక ఆదివారం ఇంట్లోనే పెట్టె మూత తీసి తొక్కలు కడుగుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఐస్ నీళ్లలో పాతికేళ్లు నాని నాని అమ్మ వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా ముడుచుకుపోయి ఉంటాయి. ఆ వేళ్లతో గుప్పెడు తొక్కలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓలమ్మీ, ఇది మందులో ముంచిన సరుకే. అగ్గిపుల్ల గీసిన వాసన వత్తంది సూడు" అంది.

ఆ మందు సోడియం మెటాబైసల్ఫైట్. తలల మీద నల్లమచ్చ రాకుండా చెరువు గట్టు మీదే రొయ్యల్ని ఆ నీళ్లలో ముంచుతారు. అగ్గిపుల్ల వాసన దాన్నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ది. సూక్ష్మజీవుల్ని అణచడమే దాని గుణం. నేను పెంచుదామనుకున్న బాక్టీరియాను నా తొక్కలే చంపేస్తున్నాయి! కెమిస్ట్రీ చదివిన నాకు సల్ఫైట్ తెలుసు. మైక్రోబయాలజీ వాళ్లకు అది బాక్టీరియాని ఏం చేస్తుందో తెలుసు. ఏ రోజు సరుకులో అది ఉందో మాత్రం అమ్మకే తెలుసు. మేం ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంటే అది పది నిమిషాల మాట. ఆ తరవాత తొక్కల్ని ముందు బాగా కడిగి, సల్ఫైట్ ఎంత మిగిలిందో కొలిచాకే తోడు వేయడం మొదలుపెట్టాను. బ్యాచ్‌లు నిలబడ్డాయి.

ఆ ఏడాది సమీక్షకు ఇదంతా చెప్పాను. కమిటీలో ఒక పెద్దాయన అంతా విని, "బాగుందమ్మా, ఇందులో కెమిస్ట్రీ ఎక్కడుంది?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆ డిగ్రీ మీద కెమిస్ట్రీ అని రాసి ఉంటుంది, దానికి సంతకం పెట్టాల్సింది ఆయనే. అందుకని థీసిస్‌లో షెడ్డు సంగతి రెండు లైన్లకు కుదించి, స్పెక్ట్రాలు, అంటే రసాయన పరీక్షల గ్రాఫులు, పెంచాను. అమ్మ పేరు కృతజ్ఞతల పేజీలోకి వెళ్లింది. వెళ్లాల్సిన చోటు, పని ఎలా చేశామో చెప్పే మెథడ్స్ అధ్యాయం. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అయ్యా, అమ్మా, వాల్తేరుకు ఇది కొత్త విద్య కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 2026తో వందేళ్లు. ఆ వందేళ్లలో మనం గర్వంగా చెప్పుకునే పనులు చాలావరకు గీతలు దాటి చేసినవే. 1933లో వాల్తేరు వచ్చిన టి.ఆర్. శేషాద్రి గారు రసాయన శాస్త్ర విభాగాన్ని నిలబెట్టి ఊరుకోలేదు. కెమికల్ టెక్నాలజీ, ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ విభాగాలకూ ఆయనే పునాది వేశారు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చారు. భూగర్భ శాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారు ఆయనకు తోడు నిలిచారు. రాళ్లు చదివినవాళ్లు, గాలులు చదివినవాళ్లు, జీవరాశుల్ని చదివినవాళ్లు కలిసి సముద్రం మీదికి వెళ్లి నీటి వేడి, ఉప్పదనం, అడుగు బురద కొలిచారు. అడుగునున్న చల్లటి నీళ్లు ఒక కాలంలో మన తీరం దగ్గర పైకి వస్తాయని అలాగే తేల్చారు. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు లాఫాండ్ పెట్టిన పేర్లలో ఆంధ్ర ఒకటి, మహదేవన్ మరొకటి. అతిథిగా వచ్చినాయన ఒక భూగర్భ శాస్త్రవేత్త పేరును సముద్రానికి ఇచ్చి వెళ్లాడంటే, ఆ రోజుల్లో ఇక్కడ ఎలాంటి స్నేహం ఉండి ఉంటుందో చూడండి.

మరి ఇప్పుడెందుకు కష్టమవుతోంది? మనుషులు మారిపోయారని నేననుకోను. లెక్కలు మారాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో అధ్యాపకుల మార్కులు ఎలా వేశారో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కరే పేపర్ రాస్తే మొత్తం మార్కులు. ఇద్దరైతే ఒక్కొక్కరికి 70 శాతం. అంతకు మించితే మొదటి రచయితకు లేదా కరస్పాండింగ్ రచయితకు 70, మిగతా అందరికీ తలా 30. పీహెచ్‌డీకి ఒక్కరే గైడ్ అయితే 10 మార్కులు, ఇద్దరైతే చెరి 7. నా పనికి కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, డ్రయర్ తయారు చేసే మెకానికల్, ధర తేల్చే ఎకనామిక్స్ వాళ్లు నలుగురూ కావాలి. అందులో ముగ్గురు 30 శాతం మార్కులకి తమ సాయంత్రాలన్నీ ఇవ్వాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల పాఠాలున్నాయి. పోస్టులు ఖాళీగా ఉన్నచోట అది ఇంకా ఎక్కువ. ప్రమోషన్‌కి ఎదురుచూస్తున్న మనిషిని ఇంత త్యాగం చేయమని ఏ మొహంతో అడుగుతాం?

ఆ నిబంధన ఢిల్లీలో మారాలి. కానీ మీ చేతుల్లోనూ చాలా ఉంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే విభాగం నుంచి, చివరికి వేరే సంస్థ నుంచి కూడా కో-సూపర్‌వైజర్‌ని పెట్టుకోవచ్చన్నాయి. అనుమతి ఇవ్వాల్సింది మీరే. విద్యార్థి అడిగితే ఆలోచిద్దాం అనడం వేరు, ఇలాంటి అంశాలకి మొదటి రోజు నుంచే ఇద్దరు గైడ్‌లు ఉండాలని మీరే నిర్ణయించడం వేరు. చేరిన మొదటి ఏడాదే బిక్కుబిక్కుమంటూ ఉండే పిల్ల, గైడ్ ముందు నిలబడి "ఇంకొకరు కూడా కావాలి సార్" అనగలదా? నేను అనలేకపోయాను. పరిశోధన మొదలుపెట్టడానికి మీరిచ్చే సీడ్ గ్రాంట్లలో కొంత భాగం రెండు వేర్వేరు ఫ్యాకల్టీల వాళ్లు కలిసి వస్తేనే ఇవ్వండి. అలా పనిచేసే వాళ్లకు వారానికి రెండు క్లాసులు తగ్గించండి. డబ్బు కంటే ఆ రెండు గంటలే వాళ్లకి ఎక్కువ.

పరికరాల సంగతి దీనికంటే తేలిక. ఒక్క రిజిస్టర్, అందరికీ కనిపించేలా. ఏ మెషీన్ ఏ గదిలో ఉంది, రేపు ఎన్ని గంటలకు ఖాళీ, పాడైతే బాగుచేయించే డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది. ఆ చివరిది రాసిపెడితే సగం సంతకాలు వాటంతటవే పోతాయి. కుళ్లిపోయే శాంపిల్ తెచ్చిన వాళ్లకు ముందు వరస ఇవ్వండి. ఈ రిజిస్టర్ ఊరంతటికీ ఒకటే అయితే మరీ మంచిది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, మత్స్య సాంకేతిక సంస్థ మూడింటికీ ఈ ఊళ్లో కేంద్రాలున్నాయి. మత్స్య సాంకేతిక సంస్థ కైటిన్, కైటోసాన్ మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ సంగతి నాకు రెండో ఏడు చివర్లో, ఒక పాత పేపర్ చదువుతుంటే తెలిసింది. సిటీ బస్సులో వెళ్లగలిగినంత దూరంలో ఉన్న అనుభవం అది.

ఇక అన్నిటికంటే గట్టిగా అడిగేది ఒకటుంది. ప్రతి పీహెచ్‌డీ విద్యార్థికీ పనిని సమీక్షించే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. ఊరి సమస్య మీద పనిచేసే ప్రతి థీసిస్‌కీ, ఆ పనిలో బతికే ఒక మనిషిని ఆ కమిటీ ముందుకు పిలవండి. రొయ్యల మీదైతే షెడ్డు మనిషి, వలల మీదైతే వేటకెళ్లే మనిషి, చెత్త మీదైతే కాపులుప్పాడ డంపింగ్ యార్డులో పనిచేసే మనిషి. ఆరు నెలలకోసారి, ఒక పూట. ఆ రోజు వాళ్ల కూలి పోతుంది, అది చెల్లించండి. చర్చ తెలుగులో జరగనివ్వండి. చెన్నైలోని చర్మ పరిశోధన సంస్థను నడిపిన మన యలవర్తి నాయుడమ్మ గారు తోళ్లు ఊనేవాళ్ల దగ్గరికి ల్యాబును తీసుకెళ్లారు. మనం కనీసం వాళ్లను ల్యాబులోకి పిలుద్దాం. థీసిస్ పూర్తయ్యాక నాలుగు పేజీల తెలుగు సారాంశం రాయించి, ఆ షెడ్డులోనో ఆ జెట్టీ మీదో చదివి వినిపించాలని నియమం పెట్టండి. మా అమ్మ నా థీసిస్‌ని చేత్తో తడిమి చూసింది. చదవలేకపోయింది.

ఇదంతా రొయ్య తొక్కల గొడవే అనుకోకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని, పశువుల్ని మనం మర్చిపోలేదు. నిల్వ ఉన్న స్టైరీన్ తనంతట తానే ఎందుకు వేడెక్కిందో చెప్పేది కెమిస్ట్రీ. అంత ఎత్తు ట్యాంకులో వేడిని ఎన్నిచోట్ల కొలవాలో చెప్పేది ఇన్‌స్ట్రుమెంటేషన్. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. మూడు గంటలకు ఆ లోయలో గాలి ఎటు వీస్తుందో మెటియరాలజీ వాళ్లు చెప్పాలి. మే నెల ఉక్కకి ఎవరు ఆరుబయట పడుకుంటారో, సైరన్ వింటే ఎటు పరుగెడతారో ఊళ్లో తిరిగినవాళ్లు చెప్పాలి. ఫ్యాక్టరీకి ఇళ్లు ఇంత దగ్గరగా ఎలా వచ్చాయో లా కాలేజీ, ప్లానింగ్ వాళ్లు చెప్పాలి. ఈ విద్యలన్నీ మన ఊళ్లో చెబుతున్నారు. అవన్నీ ఆ ఊరి కోసం ముందే ఒక గదిలో కూర్చోవడానికి మాత్రం ఏ డిపార్ట్‌మెంటు టైంటేబుల్‌లోనూ గంట లేదు.

పెదజాలరిపేట ఇసుకలో బోర్లా పడి ఉన్న పాత ఫైబర్ పడవల్ని చూడండి. తెప్పల కాలంలో కట్టె పాడైతే పొయ్యిలోకి పోయేది. ఈ ఫైబర్ కరగదు, కుళ్లదు, కాలిస్తే విషపు పొగ. ముడసర్లోవ రిజర్వాయరు మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర 25 మెగావాట్లవి. పలకల నీడలో నీళ్లకీ, నాచుకీ, చేపలకీ ఏమవుతుందో ఎలక్ట్రికల్ పిల్లలు, జువాలజీ పిల్లలు ఒకే పడవలో వెళ్లి చూడాలి. పోర్టు దగ్గరి పాత ఊళ్లో కిటికీ గట్టు మీద వేలు పెడితే అంటే నల్లదుమ్ములో బొగ్గెంత, ఇనుప ఖనిజమెంత, అది పిల్లల ఛాతీలోకి ఎంత పోతోంది? ఇవన్నీ ఎదురుగా ఉన్న ప్రశ్నలు.

నా పనిలో మిగిలిపోయింది కూడా ఉంది. ల్యాబులో రెండు లీటర్ల జాడీలో అయిన పని షెడ్డులో రెండు వందల లీటర్ల డ్రమ్ములో అవుతుందో లేదో నాకు తెలియదు. దానికి డ్రమ్ము తిప్పే మెకానికల్ మనిషి కావాలి, కడిగిన నీళ్లు ఎక్కడ వదలాలో చెప్పే సివిల్ మనిషి కావాలి, అందులోంచి వచ్చే రూపాయిలో వొలుపు ఆడవాళ్ల వాటా ఎంతో తేల్చే ఎకనామిక్స్ మనిషి కావాలి. చివరిది లేకపోతే మిగతావేవీ నాకు అక్కర్లేదు.

అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాను. షెడ్డు యజమానిని అడిగాను, ఒప్పుకున్నారు. వేట నిషేధం ఉన్న రోజుల్లోనూ చెరువు సరుకు వస్తుంది కాబట్టి ఏ నెలైనా ఫరవాలేదు. పొద్దున ఐదున్నరకు మొదటి లారీ దిగుతుంది. మీలో ఎవరు వచ్చినా వేరే విభాగం నుంచి ఇంకొకరిని వెంటబెట్టుకుని రండి. అమ్మ గేటు దగ్గర ఉంటుంది, ఏ సరుకు మందులో ముంచిందో, ఏది ముంచనిదో వాసన చూపించి చెబుతుంది. ఐస్ పెట్టె నేను తెస్తాను. రబ్బరు చెప్పులు వేసుకుని రండి, లోపల నేలంతా తడిగా ఉంటుంది.

ఇట్లు,
ఒక పరిశోధకురాలు,
విశాఖపట్నం